చార్మినార్ కాడ కూసునే జాగేది?

జిల్లాల నుంచి దోస్తులొచ్చినా, ఢిల్లీ నుంచి సాటి జర్నలిస్టులొచ్చినా, అమెరికా నుంచి సెలవుల మీద సాఫ్ట్‌వేర్ బావమరుదులు దిగినా, చార్మినార్ చూసి లాడ్ బజార్‌లో గాజులు కొన్నాక అడిగేది ఒకటే మాట: "అన్నా, ఈ దగ్గర్ల మంచి బారేమన్న ఉందా?" హైదరాబాద్‌లో ఉంటున్న పాపానికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మా మీద పడుతుంది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. లేదు. చార్మినార్ నీడలో బారు లేదు, పబ్బు అసలే లేదు. గుల్జార్ హౌజ్ నుంచి పత్తర్‌గట్టీ దాకా, మక్కా మసీదు నుంచి లాడ్ బజార్ చివరి దాకా ఎంత తిరిగినా ముత్యాలు, అత్తర్లు, గాజులు, షేర్వాణీలు, ఇరానీ చాయ్ దొరుకుతాయి గానీ సీసా మూత తీసే చోటు కనబడదు.

అడిగినోళ్లు ఇక్కడితో ఆగరు. "ఇంత పెద్ద నగరం, ఇంత పేరున్న కట్టడం, కూసోని రెండు గుక్కలు తాగే జాగ లేదా?" అంటారు. ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. దీనికి జవాబు చార్మినార్ దగ్గర దొరకదు. సెక్రటేరియట్‌లో, ఎక్సైజ్ కమిషనర్ కార్యాలయంలో, జూబ్లీహిల్స్ పబ్బుల్లో, కూకట్‌పల్లి కల్లు కాంపౌండ్లలో వెతకాలి. మనం తెచ్చుకున్న రాష్ట్రంలో తాగేటోని జేబు మీద సర్కారుకు ఎంత ప్రేమ ఉందో, తాగేటోని పాణం మీద, మర్యాద మీద ఎంత పట్టింపు ఉందో ఈ ఒక్క ప్రశ్న పట్టుకొని పోతే తేలిపోతుంది.

బోర్డు ఎందుకు లేదు?

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. చార్మినార్ చుట్టూ బారు లేకపోవడం ఆ ప్రాంతం వెనుకబాటుతనం కాదు. దాన్ని మతం లెక్కల్లోకి గుంజి పాతబస్తీని ఎద్దేవా చేసేటోళ్లు కొందరున్నారు. వాళ్లు చట్టం చదువుకుంటే మంచిది. గుడికి, మసీదుకి, బడికి, దవాఖానకు 100 మీటర్ల లోపల మందు దుకాణం పెట్టొద్దన్నది ఎక్సైజ్ నిబంధన. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌కు ఒక పక్క మక్కా మసీదు ఉంది. చార్మినార్ మీదనే మసీదు ఉంది. పాదాల దగ్గర గుడి ఉంది. చుట్టూ గల్లీ గల్లీకి ఒక ప్రార్థనా స్థలమో, మదర్సానో, బడో ఉంటుంది. ఆ జాగలో బారుకు అనుమతి ఎట్లా వస్తుంది?

రావాల్సిన అవసరం కూడా లేదు. చార్మినార్ దగ్గర కూసునే సంస్కృతి వేరు. మక్కా మసీదు పక్కన నిమ్రా కేఫ్ ముందు నిలబడి ఒక చేత చాయ్ కప్పు, ఒక చేత ఉస్మానియా బిస్కట్ పట్టుకుంటే అదే మజా. రంజాన్ రాత్రుల్లో హలీం బట్టీల ముందు, తెల్లవార్లూ తెరిచి ఉండే బట్టల దుకాణాల ముందు కనిపించే జనం ఏ పబ్బులో కనిపిస్తారు? హిందువులు, ముసల్మాన్లు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలోళ్లు అందరూ కలిసి రాత్రి ఒంటిగంటకు తిరిగే బజార్ అది. దాన్ని చూసి 'ఇక్కడ నైట్ లైఫ్ లేదు' అనేటోళ్లకు రాత్రంటే ఏందో తెల్వదు, లైఫంటే అసలే తెల్వదు.

కాబట్టి చార్మినార్ పక్కన బారు పెట్టుమని మేం అడగడం లేదు. తాగాలనుకునేటోళ్లు నయాపూల్ దాటి మూసీ అవతలికి రావాలి. అఫ్జల్‌గంజ్, కోఠి, ఆబిడ్స్, నాంపల్లి దిక్కు పాత బార్లున్నాయి. చార్మినార్ నుంచి కోఠి రెండు మూడు కిలోమీటర్లు. ఆటోలో పదిహేను నిమిషాలు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ముప్పావుగంట. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఏ దిక్కంటే ఆ దిక్కు పోవచ్చు. బండి మీద మాత్రం పోవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు. కేసు సంగతి పక్కన పెట్టినా, రోడ్డు మీద నడిచేటోని పాణం మన సరదా కంటే పెద్దది.

మంచి బార్ అంటే ఏంది?

మరి ఏ బారుకు పోవాలె? ఇక్కడ 'మంచి' అన్న మాటకు అర్థం తేల్చుకోవాలి. టీవీలో చూసి, సినిమాల్లో చూసి మంచి బార్ అంటే రంగు లైట్లు, దద్దరిల్లే పాటలు, గుమ్మం కాడ నల్లకోటేసుకున్న బౌన్సర్ అనుకుంటున్నారు మన పోరగాళ్లు. అది మంచి బార్ కాదు, ఖరీదైన బార్. రెండింటికీ మధ్య తేడా మన జేబుకు తెలుసు.

మా లెక్కలో మంచి బార్‌కు కావాల్సినవి చాలా చిన్న విషయాలు. ధరల పట్టిక గోడ మీద కనిపించాలి. సీసా మన కండ్ల ముందు మూత తీయాలి. ఎక్సైజ్ లేబుల్ చిరగకుండా ఉండాలి. అడగకుండానే బిల్లు ఇవ్వాలి. తాగే నీళ్లు పైసలు లేకుండా ఇవ్వాలి. మూత్రశాల కడిగి ఉండాలి. ఉడికిన పల్లీలో, కోడిగుడ్లో, కారం అద్దిన బోటీయో, ఏదో ఒకటి వేడిగా తినడానికి దొరకాలి. పక్క బల్ల మీద వాళ్లు మాట్లాడేది మనకు, మనం మాట్లాడేది వాళ్లకు వినిపించని పాటి శబ్దం ఉండాలి. నౌకరి చేసే మనిషి రెండు గంటలు కూసోని, ఒక రోజు కూలి లోపల బయటపడగలగాలి. ఆడమనిషి ఒక్కతే వచ్చి కూసున్నా ఎవడూ తల తిప్పి చూడని జాగ అయితే అది మంచి బార్‌లకే మంచి బార్.

ఈ లెక్క పట్టుకొని నగరం మొత్తం తిరగండి. ఎన్ని దొరుకుతాయి? ఒక దిక్కు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, హైటెక్ సిటీ పబ్బులున్నాయి. అవి చార్మినార్ నుంచి పన్నెండు కిలోమీటర్ల నుంచి మొదలవుతాయి. అక్కడ ఒక్క రాత్రి బిల్లు ఒక అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి వారం జీతం. అక్కడి శబ్దం భరించలేక చుట్టుపక్కల కాలనీల వాళ్లు కోర్టుకెక్కితే, 2022 సెప్టెంబర్‌లో జూబ్లీహిల్స్ పబ్బులు రాత్రి 10 దాటితే పాటలు పెట్టొద్దని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంకో దిక్కు వైన్ షాపులున్నాయి. దానికి అంటిపెట్టుకొని పర్మిట్ రూమ్ అనే రేకుల షెడ్డు. కుర్చీ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, కాళ్ల కింద తడి, ముక్కు మూసుకునే వాసన. అది కూడా చాలక షాపు ముందట ఫుట్‌పాత్ మీద, బండ్ల మధ్యన నిలబడి నిమిషంలో క్వార్టర్ గొంతులో పోసుకొని పోయే కూలీలు. పొద్దుగూకితే ఏ గల్లీలోనైనా కనిపించే దృశ్యమే ఇది. ఆ దారిన పోవడానికి ఆడపిల్లలు భయపడతారు. భయపడక ఏం చేస్తారు?

పెద్ద జేబుకు సోఫా, చిన్న జేబుకు ఫుట్‌పాత్. నడిమధ్యన ఉన్న గుమాస్తాకు, టీచర్‌కు, ఆటో డ్రైవర్‌కు, యూనివర్సిటీ విద్యార్థికి కూసునే జాగ లేదు. అట్లాంటి జాగ ఈ నగరంలో ఎన్నడూ లేదా? ఉండేది.

సేంది కాంపౌండ్ యాది

హైదరాబాద్ ఉర్దూలో కల్లును 'సేంది' అంటారు. సేంది కాంపౌండ్ అంటే పాత నగరంలో తెల్వనోడు లేడు. నాలుగు గోడలు, వేపచెట్టో చింతచెట్టో నీడ, బండల మీద కూసోవడం, మట్టి లొట్టి, పక్కన బోటీ, గుడాలు, చాపల ఫ్రై అమ్మే అవ్వలు. హమాలీలు, రిక్షా తొక్కేటోళ్లు, తాపీమేస్త్రీలు, ప్రెస్ కార్మికులు పని దిగి అక్కడికి వచ్చేటోళ్లు. అక్కడ పెండ్లి సంబంధాలు కుదిరేవి, తగాదాలు తెగేవి, చీటీల లెక్కలు తేలేవి.

ఒక ముచ్చట గుర్తు చేయాలి. కల్లు కాంపౌండ్‌లో ఆడవాళ్లు కూసునేటోళ్లు. మట్టి మోసి, ఇటుక మోసి అలిసిన కూలి తల్లి తన పైసలతో తాను ఒక సీసా కల్లు తాగి, పక్కామెతో కష్టసుఖం చెప్పుకొని ఇంటికి పోయేది. అమ్మే దగ్గరా ఆడమనిషి ఉండేది, తాగే దగ్గరా ఆడమనిషి ఉండేది. ఇయ్యాల పబ్బులో అమ్మాయి కనిపిస్తే కెమెరాలు పట్టుకొని ఉరికే చానళ్లకు, సంస్కృతి పాడైపోయిందని గుండెలు బాదుకునే పెద్దమనుషులకు ఈ సంగతి తెల్వదు. బోనాలకు సాక పోసేది కల్లుతోనే. పుట్టువడికి, పీనుగెళ్లినాడు, పండుగనాడు తెలంగాణ ఇంట్లో కల్లు ఉంటుంది. అది మన నేల మీద మత్తు సరుకుగా మాత్రమే లేదు, పానంగా ఉంది, మర్యాదగా ఉంది.

దాని వెనుక ఒక కష్టం కూడా ఉంది. మోకు భుజాన వేసుకొని, ముత్తాదు నడుముకు బిగించి, గీసకత్తి పెట్టుకొని పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తాడెక్కే గౌడన్న కష్టం అది. కాలు జారితే నడుం విరుగుతుంది, లేదా పాణమే పోతుంది. ఆ కులంలో పుట్టి మొఘల్ అధికారాన్ని ఎదిరించి 1708లో వరంగల్ కోట మీద పడ్డ సర్వాయి పాపన్న మన చరిత్ర. నిజాం కాలం నుంచి ఆబ్కారీ సర్కారు ఖజానాకు పెద్ద దిక్కు. అంటే చెట్టెక్కినోడు కిందనే ఉన్నాడు, చెట్టు మీద పన్ను వేసినోడే పైకెక్కిండు.

2004లో తాళం, 2014లో తాళంచెవి

2004లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూసేసింది. చెప్పిన కారణం ఏందంటే నగరం చుట్టుపక్కల చెట్లే లేవు, కాబట్టి వచ్చేదంతా కల్తీయే అని. కల్తీ ఉన్నమాట నిజమే. కానీ కల్తీ పాలు దొరికితే పాల దుకాణాలన్నీ మూసేస్తారా? కల్తీ చేసినోన్ని పట్టుకోవాల్సిన సర్కారు, కల్లు గీసినోని నోట్లో మట్టి కొట్టింది. దుకాణం మూతపడ్డాక తాగేటోళ్లు తాగుడు మానలేదు. కల్లు కాంపౌండ్ నుంచి వైన్ షాపుకు, అది కొనలేనోళ్లు గుడుంబా బట్టీకి పోయారు. నాలుగైదు శాతం ఆల్కహాల్ ఉండే పానం నుంచి నలభై శాతం పైన ఉండే చీప్ లిక్కర్ దిక్కు పేదోన్ని నెట్టిన నిర్ణయం అది. వేల కుటుంబాల బతుకుదెరువు పోయింది. ఉద్యమంలో ప్రతి సభలో మనం ఈ మాట చెప్పినం. గీత కార్మికులు మోకులు భుజాన వేసుకొని ఊరేగింపుల్లో నడిచింది ఇందుకే.

రాష్ట్రం వచ్చింది. 2014లో కొత్త సర్కారు నగరంలో కల్లు దుకాణాలు మళ్లీ తెరిపించింది. పదేండ్ల తాళం తీసినందుకు సంతోషపడ్డాం. కానీ తాళంచెవి ఎవరి చేతికి పోయిందో చూడాల్సిన అవసరం ఉండె. చాలా చోట్ల సంఘం పేరు ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది. చెట్టెక్కే మనిషి కాగితం మీద సభ్యుడు, దుకాణం మాత్రం కాంట్రాక్టర్‌ది. వచ్చే సరుకుకు, ఉన్న చెట్లకు లెక్క కలవదు. ఒక తాటిచెట్టు గీతకు రావాలంటే పదేండ్లకు పైనే పడుతుంది. ఈతకైతే నాలుగైదేండ్లు. రియల్ ఎస్టేట్ కింద నగరం చుట్టూ వనాలు కూలిపోయాయి. చెట్లు తగ్గుతుంటే కల్లు మాత్రం ఎట్లా పెరుగుతుంది? నీళ్లు, శాకరిన్, ఆ మీద మత్తుమందు కలిపితే పెరుగుతుంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం. దవాఖానలో డాక్టర్ చీటీ లేకుండా దొరకకూడని మందులు కాంపౌండ్ డ్రమ్ముల్లో కలుస్తున్నాయి.

2015లో కల్తీ మీద దాడులు చేసి ఒక్కసారిగా సరఫరా ఆపితే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చిపట్టినట్లయి దవాఖానల పాలయ్యారు. రోజూ తాగింది కల్లు కాదు, మత్తుమందు అని అప్పుడు బయటపడింది. పాఠం నేర్చుకున్నామా? 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, ఎందరో నిమ్స్‌లో, గాంధీలో చేరారు. చనిపోయినోళ్లు ఎవరు? పొద్దంతా కూలి చేసి, తక్కువ పైసల్లో దొరుకుతుందని కాంపౌండ్‌కు పోయినోళ్లు. కల్లులో అల్ప్రజోలం ఉందని పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత అరెస్టులు, లైసెన్సుల రద్దు జరిగాయి. చావుకు ముందు ఆ డ్రమ్ములను పరీక్ష చేసిందెవరు అన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

ఒక చిన్న గుర్తు చెప్తాం, పాఠకులు గుర్తుంచుకోండి. అసలు కల్లు ఆగదు. పొద్దున తియ్యగా ఉన్నది మాపటికి పులుస్తుంది, తెల్లారేసరికి పనికిరాదు. రెండు రోజులైనా అదే రుచి, అదే నురుగు ఉంటే అది చెట్టు నుంచి రాలేదు. తాగిన తెల్లారి చేతులు వణికితే, నిద్ర పట్టకుంటే, మళ్లీ అదే దుకాణానికి కాళ్లు గుంజితే అది కల్లు కాదు, మందు. వెంటనే మానేయడం కూడా ప్రమాదమే, డాక్టర్‌కు చూపించాలి.

నెక్లెస్ రోడ్డు మీద నీరా

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ ఉంది. 2020లో పునాది వేసి 2023 మేలో తెరిచారు. 2012 సెప్టెంబర్ 30న సాగరహారం నాడు లక్షలమంది నిలబడ్డ రోడ్డు అది. ఆ జనంలో మేమూ ఉన్నాం. పోలీసుల బాష్పవాయువు మధ్యన కండ్లు తుడుచుకుంటూ నిలబడ్డ జాగలో గౌడన్న పానానికి ఒక మేడ కట్టడం చూస్తే మనసుకు హాయిగానే ఉంటుంది. చెట్టు నుంచి తీసిన నీరాను పులవకుండా చల్లగా ఉంచి, శుభ్రంగా, కుటుంబమంతా కూసోని తాగేటట్టు ఏర్పాటు చేయవచ్చని అది రుజువు చేసింది. సర్కారు తలుచుకుంటే చేయగలదన్నమాట.

అయితే ఒక్క మేడ కట్టి ఫొటో దిగితే సరిపోదు. నీరా మత్తు లేని పానం. కల్లు తాగేటోనికి నీరా చూపించి నోరు మూయించలేరు. నెక్లెస్ రోడ్డు మీద సాగరం చూసుకుంటూ కూసునే జాగ ఉంది. మరి కూకట్‌పల్లి కాంపౌండ్‌లో, పాతబస్తీ గల్లీలో కల్లు తాగే కూలికి ఆ శుభ్రత ఎందుకు లేదు? టూరిస్టుకు ఒక కల్లు, కూలికి ఒక కల్లా? ఇది మనం కొట్లాడిన సమానత్వమేనా?

సర్కారు గల్లా

ఇక్కడ పైసల ముచ్చట రావాలి. తెలంగాణ సర్కారుకు మందు మీద ఏటా వచ్చే ఆదాయం 30 వేల కోట్ల రూపాయల పైమాటే. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులకు లాటరీ తీస్తే, దరఖాస్తు పెట్టుకున్నందుకే తిరిగిరాని ఫీజు కట్టాలి. 2023లో దరఖాస్తుకు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. 2023లో ఒక్క దరఖాస్తుల మీదనే సర్కారుకు 2,600 కోట్ల పైన, 2025లో 2,800 కోట్ల పైన వచ్చింది. ఇంకా ఒక్క సీసా అమ్మక ముందు సంగతి ఇది. గౌడ కులస్తులకు ఈ షాపుల్లో 15 శాతం రిజర్వేషన్ 2021లో ఇచ్చారు. మంచిదే. కానీ 3 లక్షలు గాలిలో పెట్టి లాటరీ ఆడగలిగే గీత కార్మికుడు ఏ ఊర్లో ఉన్నాడో చూపించుమనండి.

2025 జనవరిలో ఒక పెద్ద బీరు కంపెనీ బకాయిలు ఇవ్వలేదని, ధర పెంచలేదని సరఫరా ఆపేసింది. రాష్ట్రమంతా అదే ముచ్చట. నెల తిరగకముందే మాటలు కుదిరాయి, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. కంపెనీ ఆగితే సర్కారు ఉరికింది. తాడు మీది నుంచి పడ్డ గౌడన్న పెండ్లాం ఎక్స్‌గ్రేషియా కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగితే ఎవరు ఉరికారు? 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో చెట్టెక్కేటోళ్లకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆలస్యమైనా మంచి పని. అందరికీ అందాలి.

ఇంత ఆదాయం ఇచ్చే తాగేటోనికి సర్కారు తిరిగి ఇచ్చేది ఏంది? బస్సు టికెట్ కొంటే సీటు, సినిమా టికెట్ కొంటే కుర్చీ, కరెంటు బిల్లు కడితే లైటు. సీసా మీద సగానికి పైగా పన్ను కట్టినోనికి మాత్రం ఫుట్‌పాత్, పక్కన మోరి. పైసలు తీసుకునేటప్పుడు పౌరుడు, తాగేటప్పుడు తాగుబోతు.

తాగుడును పొగుడుతున్నారా?

ఈ మాట అడిగే అక్కలు, చెల్లెళ్లు ఉన్నారు. అడగాలె. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఆడవాళ్ల కడుపుమంట నుంచి పుట్టింది. 1993లో సారా బందైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఎత్తేయడానికి చెప్పిన కారణాల్లో పెద్దది ఖజానా. తెలంగాణ వచ్చాక 2015లో గుడుంబా ఆపడానికని చీప్ లిక్కర్ తెస్తామంటే జనం తిరగబడ్డారు, సర్కారు వెనక్కి తగ్గింది. ఆ తిరుగుబాటు న్యాయమైందే. మేం తాగుడును పొగడటం లేదు. ఊరూరా, కిరాణా కొట్టులో కూడా అర్ధరాత్రి దొరికే బెల్టు షాపు మందును చూస్తే మాకూ మంటే.

అయితే ఒక తేడా గమనించండి. ఇల్లు కూల్చేది కూసోని, తిని, నలుగురితో మాట్లాడుకుంటూ తాగే తాగుడు కాదు. నిలబడి, దాచుకొని, ఖాళీ కడుపున, నిమిషంలో పోసుకునే తాగుడే ఇల్లు కూలుస్తుంది. బెల్టు షాపు అదే నేర్పుతుంది, ఫుట్‌పాత్ అదే నేర్పుతుంది. అమ్మకం పెరగాలనుకునే సర్కారుకు ఆ తాగుడే లాభం. కుర్చీ వేస్తే మనిషి మెల్లగా తాగుతాడు, ముచ్చట పెడతాడు, లేచి పోతాడు. కుర్చీ లేకపోతే రెండో క్వార్టర్ కొంటాడు.

కేరళను చూద్దాం

అలప్పుళ, కొట్టాయం దిక్కు పోయినోళ్లకు తెలుసు. అక్కడి కల్లు దుకాణాన్ని 'షాప్' అంటారు. చాపల కూర, కప్ప అనే కర్రపెండలం, బాతు వేపుడు కోసం కుటుంబాలు వస్తాయి. కల్లు తాగేటోళ్లు తాగుతారు, తినేటోళ్లు తింటారు. విదేశీ టూరిస్టులు కూడా వెతుక్కుంటూ వస్తారు. కల్లు కార్మికుల సంక్షేమ నిధి చట్టం అక్కడ 1969లోనే వచ్చింది. అక్కడ కల్తీ లేదని కాదు. కానీ కల్లు అంటే సిగ్గుపడే సరుకు కాదని, వంటతో, ఊరితో ముడిపడ్డ పానమని వాళ్లు నిలబెట్టుకున్నారు. మన బోటీకి, మన తలకాయ కూరకు, మన సర్వపిండికి, మన పండుతాటి కల్లుకు ఏం తక్కువ?

ఏం కావాలె?

మేం అడిగేది కొండెక్కే కోరిక కాదు. ఒకటి, నగరంలో ప్రతి కల్లు కాంపౌండ్‌లో రోజూ నమూనా పరీక్ష జరగాలి. ఏ తేదీన ఏం తేలిందో గోడ మీద రాయాలి. రెండు, దుకాణం నిజంగా చెట్టెక్కే మనుషుల సంఘం చేతిలో ఉండాలి. ఏ వనం నుంచి, ఎన్ని చెట్ల నుంచి ఎంత సరుకు వచ్చిందో లెక్క రాయాలి. లెక్క తప్పితే కాంట్రాక్టర్ జైలుకు పోవాలి, గీత కార్మికుడు కాదు. మూడు, నీరా కేఫ్‌కు పెట్టిన శ్రద్ధలో సగం పెట్టి మూసీ అవతల కోఠి దిక్కు, సికింద్రాబాద్ దిక్కు, కూకట్‌పల్లి దిక్కు నీడ, నీళ్లు, మూత్రశాల, తిండి ఉన్న కల్లు మండువాలు కట్టించాలి. ఆడవాళ్లకు కూసునే చోటు ఉండాలి. నాలుగు, వైన్ షాపులకు లైసెన్సు ఇచ్చేటప్పుడే కుర్చీ, కిటికీ, మరుగుదొడ్డి ఉన్న పర్మిట్ రూమ్ తప్పనిసరి చేయాలి. లేకుంటే ఆ దుకాణం ముందు ఫుట్‌పాత్ జనానికి విడిచిపెట్టాలి. ఐదు, బెల్టు షాపులు మూయాలి. కాగితం మీద కాదు, ఊర్లో.

చార్మినార్ చూడవచ్చే చుట్టాలకు మేం ఇకముందు కూడా చాయ్ తాగుమనే చెప్తాం. చార్మినార్ కాడ అదే మంచి పానం. కానీ వాళ్లు మూసీ దాటి వచ్చి 'మీ తెలంగాణ పానం ఏదన్నా, మర్యాదగా కూసోని తాగే జాగ ఏడుందన్నా' అని అడిగిననాడు, వేలు పెట్టి చూపించే ఒక్క జాగ ఈ నగరంలో ఉండాలి. అది కాంట్రాక్టర్ డ్రమ్ము కాకూడదు, పబ్బు సోఫా కాకూడదు. మోకు పట్టినోని చేతిలోంచి కూలి చేసినోని చేతిలోకి నేరుగా, కల్తీ లేకుండా పోయే లొట్టి కావాలి. 2004లో మూసినోళ్లను మనం నిలదీసినం. తెరిచి వదిలేసినోళ్లను, తెరిచి ఉన్నదాన్ని చూసీ చూడనట్టు ఉంటున్నోళ్లను నిలదీయకపోతే ఆనాడు నిలదీసిన దానికి విలువ లేదు.